ప్రాస్పెక్టస్‌లో నేను రాసిన వాక్యం

అది 1896. రాజమండ్రి జిల్లా కోర్టులో నేను ట్రాన్స్‌లేటరుగా చేరి అప్పటికి రెండేళ్ళు. తెలుగు కాగితాలను దొర జడ్జీ గారి కోసం ఇంగ్లీషులో పెట్టడం, ఆయన తీర్పు సారాంశాన్ని కక్షిదారులకు తెలుగులో చెప్పడం నా పని. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజులు ఎంత బాగుండేవో అనిపిస్తుంది. కచేరీ వరండాలో గోదావరి గాలికి కాగితాలు ఎగిరిపోకుండా మోచెయ్యి ఆనించుకుని రాసేవాళ్ళం. ఎండ ముదిరే వేళకు హెడ్ గుమాస్తా కామేశ్వరరావు గారు తన కూజాలోని మజ్జిగ అందరికీ పోసి, ఎవరి దస్తూరీ బాగోలేదో ఆ పూటే చెప్పేవారు.

లా చదువుకునే కుర్రవాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి కంపెనీ చట్టం గురించి అడుగుతుంటారు. సెక్షన్లు వాళ్ళకే బాగా తెలుసు. అందుకని నేను రూతమ్మ గారి కేసు చెబుతాను.

రూతమ్మ గారు రామచంద్రపురంలో మిషన్ బడి పంతులమ్మ. భర్త లేరు. కాలువ మీద ఆవిరి పడవలు నడపడానికి పెట్టిన ఒక లిమిటెడ్ కంపెనీలో, ఏళ్ళ తరబడి దాచుకున్న సొమ్ముతో ఆవిడ షేర్లు కొన్నారు. లిమిటెడ్ అంటే, కంపెనీ మునిగినా వాటాదారుడు తన వాటా మేరకే నష్టపోతాడు, ఇల్లూ పొలమూ పోవు. ఆవిడ షేర్లు కొన్న కొన్నాళ్ళకు వాళ్ళ తమ్ముడి తాటాకిల్లు కాలిపోయింది. మళ్ళీ ఇల్లు వేసి ఇద్దామని ఆవిడ షేరు కాగితాలు పట్టుకుని కంపెనీ ఆఫీసుకు వెళ్ళారు. తిరిగి తీసుకోవడం కుదరదన్నారు. ఆ నెలలోనే ఆవిడ కోర్టుకు వచ్చారు. తనను నమ్మించి షేర్లు కొనిపించారనీ, వాటాదారుల రిజిస్టరులోంచి తన పేరు కొట్టేసి సొమ్ము ఇప్పించాలనీ ఆవిడ కోరిక.

దానికి ఆధారంగా దాఖలు చేసింది కంపెనీ తెలుగు ప్రాస్పెక్టస్. అంటే, మా షేర్లు కొనండి అని జనానికి పంచే అచ్చు కాగితం. దాన్ని ఇంగ్లీషు చెయ్యమని నా బల్ల మీద పెట్టారు. రెండో పేజీ తిప్పేసరికి నా చెయ్యి ఆగిపోయింది. ఆ తెలుగు నాది.

కోర్టులో చేరకముందు నేనొక వకీలు గారి దగ్గర గుమాస్తాను. కంపెనీ డైరెక్టరు వెంకటరత్నం గారు ఇంగ్లీషు ప్రాస్పెక్టస్ తెచ్చి నాచేత తెలుగు చేయించారు. అందులో షేర్లు ట్రాన్స్‌ఫరబుల్ అని ఉంది. వద్దనుకున్నవాడు ఇంకొకరికి అమ్ముకోవచ్చునని దాని అర్థం. నేను “బదిలీ చేయవచ్చును” అని రాశాను.

“బదిలీ అంటే పల్లెల్లో ఎవరికి తెలుస్తుందయ్యా సుబ్బారావు? ఎప్పుడైనా తిరిగి ఇచ్చెయ్యొచ్చు అని రాయి. తేలిగ్గా ఉంటుంది,” అన్నారాయన.

ఆ రెంటికీ ఎంత తేడా ఉందో నాకు లీలగా తెలుసు. అయినా పెద్దమనిషి మాట కాదనలేక అలాగే రాశాను. కంపెనీ తన షేరును తానే వెనక్కి తీసుకుని మూలధనం పంచిపెట్టడానికి చట్టం ఒప్పుకోదు. ఆ మూలధనాన్ని నమ్ముకునే బయటివాళ్ళు కంపెనీకి సరుకూ అప్పూ ఇస్తారు. ఇది నేను కోర్టులో చేరాకే సరిగ్గా నేర్చుకున్నాను.

విచారణ రోజు ఉదయం వెంకటరత్నం గారు వరండాలో నన్ను పక్కకు పిలిచారు. ఈసారి మర్యాద పెరిగింది.

“సుబ్బారావు గారూ, మీరు కొత్తగా ఏమీ చెయ్యక్కర్లేదండి. అసలు ఇంగ్లీషులో ఏ మాట ఉందో అదే మళ్ళీ పెట్టండి. దొరగారికి తెలుగు రాదు కదా.”

“ఆవిడకి వచ్చు కదండీ,” అన్నాను.

“పెళ్ళాం బిడ్డలున్నవారు. ఆలోచించుకోండి.”

ఆలోచించాను. నిజం చెబితే ఉద్యోగం పోతుందనిపించింది. లోపలికి వెళ్ళి కామేశ్వరరావు గారికి జరిగిందంతా చెప్పాను. ఆయన, “కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెయ్యి. తరవాత సంగతి తరవాత,” అన్నారు.

ఉన్నది ఉన్నట్టే చేశాను. దాన్ని దొరగారికి ఇచ్చేటప్పుడు, ఈ తెలుగు రాసింది నేనేనని కూడా చెప్పాను. ఆయన నన్ను బోనెక్కించారు. ఆ పూట తర్జుమా పని కామేశ్వరరావు గారు చేశారు. రోజూ నేను నిలబడే చోటు నుంచి బోను నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగులు వెయ్యడం ఎంత కష్టమైందో చెప్పలేను. ఆ మాట ఎవరు మార్పించారని రూతమ్మ గారి వకీలు అడిగారు. చెప్పాను. నీకు తేడా తెలియదా అని అడిగారు. కొంత తెలుసన్నాను. రూతమ్మ గారు బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని నా వైపే చూస్తున్నారు.

తీర్పు ఆవిడ పక్షాన వచ్చింది. అబద్ధపు మాట నమ్మి షేర్లు కొన్నారు గనుక ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు ఆవిడకు ఉందన్నారు. ఆ తీర్పును తెలుగులో చదివి వినిపించింది నేనే. ఆవిడ నమస్కారం పెట్టి, “ఆలస్యంగానైనా సరిగ్గా చెప్పారండి,” అన్నారు. నా ఉద్యోగం పోలేదు గానీ, ఆ ఏడు రావలసిన ప్రమోషన్ ఆగింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. రైలు వచ్చాక పడవలకు గిరాకీ తగ్గి, మరుసటి సంవత్సరం కంపెనీని లిక్విడేషన్‌లో పెట్టారు. అంటే, ఆస్తి అమ్మి అప్పులవాళ్ళకు పంచి, కంపెనీని మూసెయ్యడం. ఆ తరువాత మొగల్తూరు నుంచి ఒక రైతు వచ్చారు. పేరు సత్యనారాయణ. ఆయన చేతిలోనూ అదే ప్రాస్పెక్టస్.

“పంతులమ్మ గారికి ఇచ్చారంట కదండీ. మాకూ ఇప్పించండి.”

అప్పుడే ఎందుకు రాలేదని అడిగాను.

“డైరెక్టరు గారు మాకు చుట్టమండి. కోర్టుకెక్కితే ఏం బాగుంటుందని ఊరుకున్నాం.”

మోసపోయిన వాటాదారుడు కంపెనీ నడుస్తుండగానే రద్దు కోరాలి. మూత మొదలయ్యాక ముందు అప్పులవాళ్ళ హక్కు. ఇది వీలైనంత తేలిక మాటల్లో చెప్పాను. ఆయన ప్రాస్పెక్టస్ మడత విప్పి ఆ వాక్యం మీద వేలు పెట్టారు.

“మరి ఇది రాసిందెవరండీ?”

“నేనేనండి.”

ఆయన కోప్పడలేదు. “అచ్చులో ఉంటే నిజమే అనుకున్నామండి,” అని కాగితం మడిచి, కండువా దులుపుకుని మెట్లు దిగిపోయారు.

కంపెనీ అంటే చట్టం దృష్టిలో వేరే మనిషని పుస్తకాల్లో చదువుకుంటారు. నిజమే. కానీ ఆ మనిషికి చెయ్యి లేదు, నోరు లేదు. అది చేసే ప్రతి మోసానికీ ఎవరో ఒకరు కలం పట్టి కూర్చోవాలి. ఒకసారి ఆ కలం పట్టినవాడు నేను. సర్వీసులో మిగిలిన ఏళ్ళంతా ఏ కాగితం తెలుగు చేసినా, ముందు వరండాలో కూర్చున్న చదువురాని మనిషి ఎవరికైనా చదివి వినిపించి, “ఏం అర్థమైందండీ?” అని అడిగేవాణ్ణి. వాళ్ళు చెప్పింది అసలు కాగితంతో కలవకపోతే, రాసింది చింపేసి మళ్ళీ మొదటినుంచి రాసేవాణ్ణి.