బ్యాటు నడిమధ్య తగిలిన బంతులు

నా చిన్నప్పుడు నంద్యాలలో క్రికెట్ స్కోరు రాసేవాళ్ళలో మా మేనమామంతటి చాదస్తుడు ఇంకొకడు లేడు. ఆటగాళ్ళు నవ్వేవాళ్ళు, అంపైర్లు విసుక్కునేవాళ్ళు, మా అమ్మయితే సొంత తమ్ముడని కూడా చూడకుండా తిట్టేది. ఆయన చేసిందల్లా ఒక్కటే. అందరూ రాసే స్కోరు బుక్కును అందరిలాగే రాసి, పక్కన తనకోసం ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకునేవాడు. అందులో రన్లు ఉండవు. బంతి బ్యాటు నడిమధ్య తగిలితే టిక్కు. అంచుకు తగిలినా, గాల్లోకి లేపిన క్యాచ్‌ను ఫీల్డరు వదిలేసినా ఇంటూ మార్కు. ఆ బంతి ఫోరు పోయిందా, ఎవరి చేతుల్లోనైనా పడిందా అన్నది ఆయనకు పట్టేది కాదు.

ఈ చాదస్తం ఆయనకు ఉద్యోగంలో అంటుకుంది. మామ సర్కారు వ్యవసాయ క్షేత్రంలో పత్తి మళ్ళు చూసుకునేవాడు. అక్కడ కొత్త విత్తనం వస్తే ఒక్కచోట వేసి ఊరుకోరు. నాలుగైదు మళ్ళలో దూరదూరంగా వేస్తారు. ఒక మడిలో నేల సత్తువగా ఉండొచ్చు, ఇంకో మడిలో నీళ్ళు నిలిచిపోవచ్చు. "ఒక్క మడి జూసి ఇత్తనానికి పేరు పెట్టగూడదు పాపా. మడి అబద్ధం చెప్తాది," అనేవాడు మామ. నాకప్పుడు పదేళ్ళు. ఆదివారాలు మ్యాచ్ జరుగుతుంటే ఆయన పక్కన కూచుని, ఉడకబెట్టిన వేరుశనగ బుడ్డలు తింటూ, ఆ టిక్కులూ ఇంటూలూ చదవడం నేర్చుకున్నాను.

మామ స్కోరు రాసే జట్టులోనే మా అన్న మూడో వాడిగా బ్యాటింగ్‌కు దిగేవాడు. చదువు ఇంటర్ దగ్గరే ఆగిపోయింది. జిల్లా జట్టులో చోటు దొరికితే ఏదో ఒక ఆఫీసులో ఉద్యోగం వస్తుందని ఆశ. అలా వచ్చినవాళ్ళు మా వీధిలోనే ఒకరిద్దరు ఉన్నారు. నాయన మాత్రం తెగేసి చెప్పాడు. "ఈ యేడు జూస్తా. కాకుంటే నోరు మూసుకోని బండల ఫ్యాక్టరీకి పో." నాపబండలు కోసే ఆ ఫ్యాక్టరీలో దుమ్ము పీల్చి, దగ్గుతో మంచమెక్కినవాళ్ళను మేము రోజూ చూసేవాళ్ళం. అందుకే ఆ యేడు అన్న ఆడే ఆట మా ఇంట్లో ఎవరికీ ఆటలా లేదు.

సరిగ్గా ఆ యేడే అన్నకు గ్రహచారం పట్టుకుంది. ఆరు, పదకొండు, సున్నా, నాలుగు. కొట్టిన ప్రతి బంతీ తిన్నగా పోయి ఎవడో ఒకడి చేతుల్లో పడేది. ఒకసారి అన్న కొట్టిన దెబ్బకు అంపైరు నేలమీద పడుకుని ప్రాణం దక్కించుకున్నాడు. ఆ బంతి వెనకున్న ఫీల్డరు పొట్టకు తగిలి అక్కడే ఇరుక్కుపోయింది. వాడు నొప్పితో మూలుగుతూనే అన్నను ఔట్ చేశాడు. అమ్మ దిష్టి తీసింది. నాయన దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకొచ్చాడు. కెప్టెన్ ఏమో, నువ్వు ఊరికే కొట్టబోతున్నావు, మెల్లగా తోసి ఆడు అన్నాడు. తలా ఒక మాట. పాపం, అన్న అందరి మాటా విన్నాడు.

వినంది ఒక్క మామ మాటే. ఆయన పుస్తకంలో అన్న పేరు కింద వరసగా టిక్కులే. "శానా బాగా కొడతాండావు అల్లుడా. టైము బాగలేదు, అంతే. ఇట్లే కొడతా పో, రన్లు యాడికి పోతాయి?" అన్నాడు. అన్నకు కోపమొచ్చింది. "సున్నాకు ఔటైనోనికి టిక్కులేంది మామా? ఎగతాళా?" అని లేచిపోయాడు.

తర్వాతి ఆదివారం అన్న కొత్తరకంగా ఆడాడు. చాచి కొట్టే చేతులు ముడుచుకుని, బంతి మీదికి వచ్చేదాకా ఆగి తోశాడు. మూడు క్యాచ్‌లు వదిలేశారు. అంచుకు తగిలిన బంతులన్నీ వికెట్ల పక్కనుంచి జారిపోయాయి. నలభై మూడు రన్లు! మేము ఇల్లు చేరేలోపే తాయెత్తు మహిమ వీధంతా పాకింది. అమ్మ పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది.

మామ నన్ను వాకిట్లోకి పిలిచి పుస్తకం చేతిలో పెట్టాడు. ఒక పక్క, సున్నాలూ ఆర్లూ వచ్చిన రోజుల టిక్కులు. ఎదురు పేజీలో, ఈ నలభై మూడుకు ఇంటూ మీద ఇంటూ. "నేను చెప్తే ఎగతాళంటాడు. నీ మాటైతే ఇంటాడు, నువ్వు చూపీ. వచ్చే ఆదివారం మన ఆట జూసి ఏరుకునేకి ఆళ్ళగడ్డకు జిల్లావోళ్ళు వస్తాండారు. పాత ఆటే ఆడమను. ఈ తోసేది ఈ పొద్దు బతికింది, మల్లా బతకదు."

పుస్తకం పట్టుకుని లోపలికి పోయాను. అన్న నవ్వుతున్నాడు. అన్న నవ్వు చూసి ఎన్ని నెలలైందో. నాయన తన చేత్తో అన్న కంచంలో ఇంకో ఓళిగ వేస్తున్నాడు. పుస్తకాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నాను. రేపు చూపిద్దాంలే అనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను. చూపించావా అని మామ అడిగితే, చూపించానని చెప్పాను.

ఆళ్ళగడ్డకు నాయన కూడా వచ్చాడు. అన్న మూడో బంతిని తోశాడు. అంచుకు తగిలింది. ఈసారి ఎవరూ వదల్లేదు. మామ తలెత్తి నావైపు చూశాడు, నేను తల దించుకున్నాను. జిల్లాకు మా జట్టులోనే ఇంకొకణ్ణి తీసుకున్నారు. ఆ యేడంతా వాడికి వదిలేసినన్ని క్యాచ్‌లు ఇంకెవరికీ వదల్లేదు. మామ ఉండబట్టలేక పుస్తకం తీసుకుని జిల్లా జట్టును ఎంచిన పెద్దమనుషుల దగ్గరికి పోయాడు. "టిక్కులు మాకెందుకప్పా, రన్లు ఉంటే చూపీ," అన్నారు. ఆ తీసుకున్నవాడు జిల్లాకు సరిగ్గా ఆడలేక తొందరలోనే తిరిగొచ్చాడు. దానివల్ల మాకు ఒరిగిందేమీ లేదు.

అన్న ఫ్యాక్టరీలో చేరిన రోజు నేను ఏడుస్తూ మామకు నిజం చెప్పేశాను. ఆయన తిట్టలేదు. "చూపించినా ఇనేటోడు కాదులే పాపా," అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడని ఆ వయసులోనే నాకు తెలిసింది.

మామ నేర్పిన చూపు మాత్రం నాతోనే ఉండిపోయింది. ఒక్కసారి గెలిచినవాణ్ణి చూసి నేను తొందరపడి మెచ్చుకోను, ఓడినవాణ్ణి తీసిపారేయను. పిల్లల పరీక్షలప్పుడూ, పంటలప్పుడూ అది నాకు పనికొచ్చింది. పనికి రావాల్సిన ఒక్కరోజునే పనికి రాలేదు.

అన్నకిప్పుడు డెబ్బై. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. టీవీలో మ్యాచ్ చూస్తూ మనవళ్ళు, "జేజినాయనా, నువ్వు గూడా ఆడేటోనివంట గదా?" అని అడిగితే, "నాకు ఆట యాడొచ్చప్పా, ఊరికే దిగేటోన్ని," అంటాడు. నవ్వులాటకు అనడం లేదు, నిజంగానే నమ్మాడు. నేను ఆ పక్కనే కూచుని ఉంటాను. నీ అంత బాగా కొట్టినవాడు ఆ జట్టులో లేడు అని ఒక్క మాట చెబితే చాలు. చెబితే, అది తెలిసీ ఆ వారమంతా ఎందుకు దాచావని అడుగుతాడు. ఆ ప్రశ్నకు భయపడి, మా అన్నను యాభై ఏళ్ళుగా చేతకానివాడిగానే ఉంచేశాను.