గడియ పెట్టని వడ్రంగి

ఊళ్ళో సగం తలుపులు చేసింది అతనే. వాటిలో ఒక్కటైనా మూసిన పాపాన పోలేదు.

ఎవరింటికి వెళ్ళినా తలుపు బార్లా తీసుకుని లోపలికి వస్తాడు, బార్లా వదిలేసి వెళ్ళిపోతాడు. అతని వెనక పిల్లి వస్తుంది, పిల్లి వెనక దుమ్ము వస్తుంది, దుమ్ము వెనక అక్క తిట్లు వస్తాయి. అక్క అంటే అతని సొంత అక్క. వయసు డెబ్బై, చదువు మూడో తరగతి. నాలుక మాత్రం అక్కడితో ఆగకుండా పైచదువులు చదువుకుంది. ఆవిడ తమ్ముడితో నేరుగా మాట్లాడదు. చెప్పదలుచుకున్నదంతా పిల్లికి చెబుతుంది.

"కొంతమందికి దేవుడు చేతులిచ్చింది తలుపులు చెయ్యడానికేనటే, వెయ్యడానికి కాదట" అంటుంది పిల్లితో. పిల్లి పాలగిన్నె వైపు చూస్తుంది. తమ్ముడు పైకప్పు వైపు చూస్తాడు.

పనితనంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. అతను బిగించిన తలుపు చిటికెన వేలితో తోస్తే వెన్నలో కత్తిలా కదులుతుంది. కదులుతుందే గాని, దానికి లోపల గడియ ఉండదు. దర్జీ తన కొట్టుకి కొత్త తలుపు చేయించుకుని గడియేదయ్యా అని అడిగితే "రేపు పెడతాలే" అన్నాడు. ఆ రేపటి కోసం దర్జీ ఏడాది పాటు తలుపుకి కుట్టుమిషను అడ్డం పెట్టుకుని పడుకున్నాడు. మంత్రసాని అడిగినా రేపే. పోస్టుమాస్టరు అడిగినా రేపే. ఆఖరికి స్నానాల గదికి తలుపు చేయించుకున్న పాస్టరుగారి భార్య అడిగినా రేపే. ఆ రేపు రానే లేదు కనక ఆవిడ లోపల ఉన్నంతసేపూ గొంతెత్తి కీర్తనలు పాడుతూనే ఉంది. కీర్తన వినిపిస్తే అటు వెళ్ళకూడదని వీధంతా నేర్చుకుంది.

చర్చి సంగతి చెప్పనే అక్కరలేదు. చలికాలం ఆరాధనకి అందరికన్నా ఆలస్యంగా వస్తాడు, తలుపు తీసిపెట్టి చివరి బల్ల మీద కూర్చుంటాడు. ఒకసారి గాలికి పాస్టరుగారి కాగితాలు లేచిపోయాయి. సంఘపెద్దలు ఏరి ఇచ్చారు గాని వరస తప్పింది. సహనం గురించి మొదలుపెట్టిన ప్రసంగం సమాధి కార్యక్రమం దగ్గర తేలింది. అక్క ముందు బల్ల మీద పాటల పుస్తకం తెరిచి పట్టుకుని ఉంది. ఆవిడ అక్షరాలు కూడబలుక్కోవాలి, పాటలన్నీ నోటికే వచ్చు. పేజీలు తిరిగిపోయినా పాట తప్పలేదు. తప్పనందుకు కూడా తమ్ముడి మీదే కోపం వచ్చింది, ఎందుకంటే పేజీలు చూడటం లేదని పక్కావిడకి తెలిసిపోయింది.

అక్క ఇంటి తలుపుకి మాత్రం మూడు గడియలు. పైనొకటి, మధ్యనొకటి, కిందొకటి. తోడబుట్టినవాడు వడ్రంగి అయినా, వీధి అవతలి వడ్రంగిని పిలిపించి మరీ పెట్టించుకుంది. ఆ పని జరుగుతున్నంతసేపూ తమ్ముడు తన కొట్టు ముందు చిత్రిక పడుతూ తలెత్తలేదు.

ఈ చేదు ఎక్కడిదంటే కొండ మీదిది.

ఆ కొండ మీద తట్టే అవ్వ ఉందని పిల్లలు చెప్పుకుంటారు. ఎప్పుడో మంచులో బిడ్డని పోగొట్టుకుందట. కనబడిన తలుపల్లా తట్టిందట, ఒక్కరూ తియ్యలేదట. ఇప్పటికీ తడుతూనే ఉంటుంది. అదీ ఊరికే కాదు, మనవాళ్ళ గొంతుతో పిలుస్తుంది. తలుపు తీస్తే నువ్వే నా బిడ్డవని పట్టుకుపోతుంది.

అక్కకి తొమ్మిదేళ్ళు, తమ్ముడికి ఆరేళ్ళు ఉన్నప్పుడు ఇద్దరూ కొండ మీద మేకలు కాస్తున్నారు. మధ్యాహ్నం వాన పట్టుకుంది. పైన చర్చివాళ్ళు కట్టిన రాతి గది ఒకటుంది. వాడు ముందు పరిగెత్తి దాంట్లో దూరి గడియ పెట్టుకున్నాడు. ఆ పిల్ల మేకల్ని పోగుచేసి వచ్చి తలుపు తట్టింది. "ఎవరు" అన్నాడు లోపలినుంచి. "నేనేరా, అక్కని" అంది. అంతే. అచ్చం అక్క గొంతు. అవ్వ అంటే అదే కదా మరి. బయట పిల్ల ఎంత అక్కలా ఏడిస్తే లోపలివాడు గడియ అంత గట్టిగా పట్టుకున్నాడు. పొద్దువాలి పెద్దవాళ్ళు వచ్చేదాకా ఆ పిల్ల వానలోనే ఉంది. తర్వాత మూడు నెలలు జ్వరం. ఆ జ్వరంతో ఎడమ చెవి పోయింది, బడి పోయింది. తమ్ముడు పదో తరగతి దాకా చదివాడు.

అరవై ఏళ్ళకి పైగా ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. వాడు మరిచిపోయాడనే అక్క నమ్మకం. మరిచిపోవడమే కాదు, వెయ్యకూడని రోజున వేసినవాడు వెయ్యాల్సిన తలుపులన్నీ ఇప్పుడు తీసిపెడుతున్నాడంటే తనని వెక్కిరించడానికేనని కూడా నమ్మకం.

ఇలా ఉండగా సండేస్కూలు టీచరు ఒక పని పెట్టింది. ఎప్పుడూ చర్చికి రాని మనిషిని ఎవరు పిలుచుకొస్తే వాళ్ళకి రంగుపెన్సిళ్ళ పెట్టె. అక్కకి ఇద్దరు మనవలు. మనవరాలికి పదేళ్ళు, మనవడికి ఆరు. వాళ్ళు తేరుకునేలోపు ఊళ్ళో రాని మనుషులందర్నీ మిగతా పిల్లలు పంచేసుకున్నారు. మనవరాలు బాగా ఆలోచించి, తట్టే అవ్వని ఇంతవరకూ ఎవరూ పిలవలేదని తేల్చింది.

"పట్టుకుపోతేనో" అన్నాడు మనవడు.

"పోతే పోనీ. ఆదివారం చర్చికి రావాలిగా, అప్పుడు మనల్నీ తీసుకొస్తుంది."

శనివారం మధ్యాహ్నం రెండు బన్నులు పట్టుకుని ఇద్దరూ కొండెక్కారు. పొయ్యి దగ్గర చీటీ పెట్టారు.

కొడుకూ కోడలూ మిల్లులో ఉన్నారు. అక్క చీటీ తీసి, దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. 'కొండ' ఒక్కటే కూడింది. కిటికీలోంచి చూస్తే కొండే లేదు, అంతా మంచు. దగ్గర్లో చదువొచ్చినవాడు ఒక్కడే. అతని కొట్టు తలుపు ఎప్పట్లాగే బార్లా తీసి ఉంది. గడప బయటే నిలబడి చీటీ చాపింది.

తమ్ముడు చదివాడు. చేతిలోని ఉలి కిందపడింది. "పద" అన్నాడు. నిన్నెవడు పిలిచాడని పిల్లికి చెప్పడానికి పిల్లి కూడా దగ్గర లేదు. ఆవిడ నడిచింది.

సగం కొండెక్కేసరికి దారి మాయమైంది. చాపిన చెయ్యి చాపినవాళ్ళకే కనబడటం లేదు. అక్క మనవల పేర్లు అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. అప్పుడు తమ్ముడు ఆవిడ కుడి చెవి వైపుకి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, అరవకు. విను."

దబ్. కాస్సేపాగి, మళ్ళీ దబ్.

"గది తలుపు అది. అటే వెళ్దాం. పిల్లలూ అది వినే వెళ్ళుంటారు."

ఆ తలుపు సంగతి ఊరంతటికీ తెలుసు. పదేళ్ళ క్రితం చర్చివాళ్ళు గదికి కొత్త తలుపు చెయ్యమంటే, అంతటి పనివాడూ వంకరగా బిగించి వచ్చాడు. కాస్త గాలి వీస్తే చాలు, కొట్టుకుంటుంది. పనితనం పోయిందని జనం నవ్వారు. అందరికన్నా గట్టిగా అక్క నవ్వింది, పిల్లితో.

"సిగ్గులేని తలుపు" అంది ఇప్పుడు, ఆయాసపడుతూ. చుట్టూ పిల్లి లేదు కనక ఆ మాట అతనికే చెప్పినట్టయింది.

"కొట్టుకోవాలనే అలా బిగించానక్కా. మంచులో గది ఎక్కడుందో తెలియాలిగా."

దబ్ వెనకే ఒక్కో అడుగూ వేసుకుంటూ ఎక్కారు. తీరా గది గోడ చేతికి తగిలేసరికి చప్పుడు ఆగిపోయింది. తలుపు మూసి ఉంది. అక్క తట్టింది.

"ఎవరు" అంది లోపలినుంచి చిన్న గొంతు.

"నేనేరా, నానమ్మని."

లోపల మనవడు గొల్లుమన్నాడు. "అక్కోయ్, అవ్వ వచ్చింది. నానమ్మ గొంతుతో వచ్చింది. గడియ పెట్టు."

"గడియ లేదురా."

"వెతుకు."

"ఎక్కడా లేదు. తలుపుకి ఆనుకో."

అక్క చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. తమ్ముడు మెల్లగా భుజంతో తోశాడు. తలుపు అంగుళం తెరుచుకుంది, రెండంగుళాలు తెరుచుకుంది. ఆ సందులో వీపుతో తలుపుని నెడుతున్న మనవడు కనబడ్డాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ముక్కు కారుతోంది. ఒక చేతిలో నలిగిన బన్ను. ఆరేళ్ళవాడు మరీ ఇంత చిన్నగా ఉంటాడా అనుకుంది అక్క. ఇన్నేళ్ళూ ఆవిడ తలపులో ఆ తలుపు వెనక నిలబడినవాడు మీసాలున్న మనిషి.

వాణ్ణి ఎత్తుకుంది. ముక్కు తుడిచింది. మనవరాలి వీపు మీద ఒకటి వేసి, అదే చేత్తో దగ్గరికి లాక్కుంది. పిల్ల మొహం ముడుచుకుని, చప్పుడు విని అవ్వే తడుతోందనుకుని వచ్చామని, తీరా చూస్తే ఎవరూ లేరని ఫిర్యాదు చేసింది. తమ్ముడు మాత్రం గడప బయటే ఉన్నాడు.

"లోపలికి రావేం" అంది అక్క.

"నువ్వు రమ్మంటే వద్దామని."

"ఎక్కడా గడియలు పెట్టనిది అందుకేనట్రా?"

"పెడదామని చేతిలోకి తీసుకుంటానక్కా. నువ్వు తట్టింది వినబడుతుంది."

అక్కకి అరవై ఏళ్ళుగా దాచుకున్న మాటలు మూటెడు ఉన్నాయి. మూట విప్పి చూస్తే అన్నీ ఒక్క మాటకి సరిపడా చిన్నవైపోయాయి. "సన్నాసీ" అంది చివరికి. "ముందే చెప్పి ఏడవొచ్చుగా."

ఆదివారం మనవడు సండేస్కూల్లో తట్టే అవ్వ దొరికిందని చెప్పి నానమ్మని చూపించాడు. తనే తట్టిందని సాక్ష్యం కూడా చెప్పాడు. నానమ్మ ఎప్పుడూ వచ్చేదే కనక చెల్లదంది టీచరు. నానమ్మ ఆవిడ వైపు ఒక్క చూపు చూసింది. రంగుపెన్సిళ్ళు వచ్చాయి.

ఆ సాయంత్రం తమ్ముడు స్క్రూడ్రైవరు పట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. రమ్మని కబురు పెట్టింది ఆవిడే. మూడు గడియలూ ఊడదియ్యమంది. వీధి అవతలి వడ్రంగి బిగింపు మీద నాలుగు మాటలు అంటూ ఊడదీసి, చేతిలో పట్టుకుని అడిగాడు.

"మళ్ళీ ఎప్పుడు పెట్టమంటావక్కా?"

"రేపు పెడుదువులే."

అతను వెళ్ళిపోయాడు, ఎప్పట్లాగే తలుపు బార్లా వదిలేసి. వెనకాలే పిల్లి వచ్చింది. అక్క దాని ముందు పాలగిన్నె తనే పెట్టింది.

"తాగి వెళ్ళేటప్పుడు," అంది దానితో, "తలుపు వేశావో, కాళ్ళు విరగ్గొడతాను."