పక్కవాళ్ల మోకాళ్లు

ఆ ఏడాది మా గైడ్ మేడమ్ నా థీసిస్ మూడో అధ్యాయాన్ని మూడుసార్లు తిప్పి పంపారు. హాస్టల్లో నాకు నిద్ర కరువైంది. అమ్మ పోరు పడలేక, ఒక ఆదివారం సాయంత్రం తార్నాకలో ఆటో ఎక్కి, లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో జరిగే ఇంటి ప్రార్థనకు వెళ్లాను.

అక్కడ ఎవరి అవసరత వాళ్లు చెబుతారు. ప్రార్థన మాత్రం పక్కపక్కన కూర్చున్నవాళ్లు ఒకరి కోసం ఒకరు చెయ్యాలి. నా వంతు రాగానే చున్నీ నెత్తిన సర్దుకుని, మేడమ్ పెట్టిన ఎర్ర సిరా గీతలతో సహా అధ్యాయం గొడవంతా సెమినార్ ఇచ్చినట్టు చెప్పుకొచ్చాను. పక్కనున్న పెద్దావిడ, ఆ ఇంటావిడే, నన్ను ఆపింది.

"దేవునికి మీ మేడమ్ తెల్వదా బిడ్డా? గంతగనం చెప్పాల్నా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, గీ పిల్లకు కంటినిండ నిద్రనియ్యి" అని ముగించేసింది. అధ్యాయం ఊసే లేదు!

లేచి వెళ్లిపోదామనుకున్నాను. కానీ ఆవిడ కోసం ప్రార్థించాల్సింది నేనే. మోకాళ్ల నొప్పులట. డాబా ఎక్కి బట్టలు ఆరేసుకోలేకపోతోందట. విసుగ్గానే మొదలుపెట్టాను. పోనుపోను, ఒక్కో మెట్టూ ఆవిడతో కలిసి ఎక్కుతున్నట్టే ప్రార్థించాను. ఆమెన్ అన్నాక చూసుకుంటే, అంతసేపూ నాకు మేడమ్ గుర్తే రాలేదు.

తర్వాతి వారం అధ్యాయం నాలుగోసారి తిరిగొచ్చింది. క్యాంటీన్లో టీ తాగి ఆవిడకు ఫోన్ చేశాను.

"డాబా ఎక్కుతున్నారా ఆంటీ?"

"ఇయ్యాల ఎక్కిన బిడ్డా. నువ్వు పండుకుంటున్నవా?"

"పడుకుంటున్నా ఆంటీ."

అధ్యాయం సంగతి ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు.