ఎండ కాస్తే వినపడని మనిషి

మా అల్లుడు ఆ పెట్టెను ఇంటికి తెచ్చిన రోజు నేను మొదట అడిగింది, అది రాత్రీ పగలూ కరెంటు తాగుతుందా అని. తాగుతుందన్నాడు. ఎవరూ లేని గదిలో లైటు వెలుగుతుంటే లేచి వెళ్ళి ఆర్పి వచ్చే మనిషిని నేను. ఊళ్ళో ఎవరెవరో మాట్లాడుకోవడానికి మన షెడ్డులో కరెంటు ఎందుకు కాలాలని అడిగాను.

"ఫ్రిజ్ కంటే తక్కువే లెండి అత్తయ్యగారూ" అన్నాడు.

"ఫ్రిజ్‌లో పాలుంటాయి బాబూ. దీన్లో ఏముంటుంది?"

నవ్వి ఊరుకున్నాడు. మంచివాడే. ఎదురు చెప్పడు, అలాగని అనుకున్నది మానుకోడు కూడా.

అప్పటికి నేను ఇంగ్లండులోని నార్తాంప్టన్ వచ్చి కొన్నేళ్ళయింది. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. నాకొచ్చిన ఇంగ్లీషు బస్సుల్లోనూ, జీపీ సర్జరీలో, అంటే మా డాక్టరుగారి క్లినిక్కులో, వంతు కోసం కూర్చున్నప్పుడూ చెవిన పడ్డదే. అందుకని లైసెన్సు తీసుకుని సరదాకి మాట్లాడుకునే ఈ హామ్ రేడియో సంగతీ, ఆ రిపీటర్ సంగతీ అల్లుడు నాకు తెలుగులో విడమరిచి చెప్పాల్సి వచ్చింది. చేతిలో పట్టుకునే చిన్న రేడియోల మాట ఎంతో దూరం పోదట. మిట్ట మీద ఒక పెట్టె పెడితే, అది ఆ సన్నటి మాటను విని, అదే క్షణంలో పెద్ద గొంతుతో ఊరంతటికీ తిరిగి చెబుతుందట.

"మరి తన అరుపుకి తన చెవే గింగురుమనదా?" అని అడిగాను.

"అసలు చిక్కంతా అదేనండి" అని షెడ్డులో పాలక్యాన్లలా వరసగా నిలబెట్టిన డబ్బాలు చూపించాడు. నోటి మోత చెవిలో పడకుండా అడ్డుకునేవి అవేనట. వాటి మీది మరలు ఎవరూ ముట్టుకోవద్దని ఇంటిల్లిపాదికీ చెప్పాడు. చెప్పినంతసేపూ నా వైపే చూశాడు.

ఆ పెట్టె ఇచ్చింది ఒక ఇంగ్లీషు పెద్దాయన. బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు. ఏళ్ళ తరబడి తన సొంత ఇంట్లో దాన్ని నడిపాడు. భార్య పోయాక, మోకాళ్ళు మొరాయించాక, పెద్దవాళ్ళ కోసం కౌన్సిల్ కట్టిన ఫ్లాట్లలో కింది అంతస్తుకి మారాడు. అక్కడ గోడకు మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి. యాంటెన్నా మాట ఎత్తనివ్వరు. మా ఇల్లు ఎత్తు మీద ఉంది, మా అల్లుడికి లైసెన్సూ ఉంది. అందుకని పెట్టెను మాకు అప్పగించాడు. బిగించేటప్పుడు తనూ వచ్చాడు. మా పెరటి తోటలో కుర్చీ వేసుకుని, చేతికర్రతో పైకి చూపిస్తూ ఆయన చెప్పడం, మా అల్లుడు నిచ్చెనెక్కి గోడకు పైపు బిగించడం. తన దగ్గర ఒక్క చిన్న రేడియో మాత్రం ఉంచుకున్నాడు. దాని మాట మా పెట్టె దాకానే వస్తుంది. మా పెట్టె వింటేనే ఊరు వింటుంది.

సాయంత్రం ఏడింటికి ఊళ్ళోని హామ్ క్లబ్బువాళ్ళంతా రేడియోలో కూడేవారు. అల్లుడు వంటింట్లో ఒక స్పీకర్ పెట్టాడు. కూర తరుగుతూ నేనూ వినేదాన్ని. సగం అర్థమయ్యేది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రారు. వంతు వచ్చేదాకా ఆగుతారు. మా ఇంట్లో లేని మర్యాద అది. పెద్దాయన వంతు వచ్చినప్పుడు గొంతు సన్నగా, కాస్త గరగరగా వచ్చేది. కిటికీలో పెంచుతున్న టమాటా మొక్కల గురించీ, మోకాలి గురించీ చెప్పేవాడు. అంతకంటే పెద్ద విషయాలేవీ ఉండేవి కావు. ఉదయం వచ్చి ఓ పావుగంట సాయం చేసి పోయే కేరర్ తప్ప, రోజు మొత్తంలో ఆయనతో మాట్లాడే మనుషులు వీళ్ళే.

ఆ వేసవిలో ఆయన గొంతు రావడం తగ్గింది. వచ్చినా ఒక ముక్క వినబడి తెగిపోయేది. తర్వాత అదీ లేదు. మిగతావాళ్ళు ఎప్పటిలాగే మాట్లాడుకుంటున్నారు.

"ఆయనేడీ?" అని అల్లుణ్ణి అడిగాను.

"త్వరగా పడుకుంటున్నారేమో. పెద్దవారు కదండీ."

"ఆయన నాకంటే చిన్నవాడు. నేను పడుకున్నానా?"

బీపీ మాత్రల కోసం సర్జరీకి వెళ్ళే దారిలోనే ఆయన ఫ్లాటు. వెళ్తూ వెళ్తూ తలుపు తట్టాను. "కమిన్, మి డక్" అన్నాడు. ఇక్కడి పెద్దవాళ్ళు ఆప్యాయంగా పిలిచే పిలుపు అది. లోపల అంతా శుభ్రంగా ఉంది. ఎప్పుడూ కిటికీ దగ్గర ఉండే రేడియో మాత్రం లేదు. దాని అట్టపెట్టెలోనే సర్దేసి, దారం కట్టి, తలుపు పక్కన పెట్టి ఉంది. క్లబ్బులో ఎవరికైనా ఇచ్చేస్తాడట.

ఎందుకని అడిగాను. నాకు అర్థమయ్యేలా నిదానంగా, రెండోసారి కూడా చెప్పాడు. రోజూ పిలిచాడట. వాళ్ళ మాటలన్నీ తనకు చక్కగా వినబడుతున్నాయి. తను మాట్లాడితే మాత్రం ఒక్కరూ పలకరు. "వాళ్ళ కబుర్లు వాళ్ళవి. పిలవని చోట దూరడం నాకు అలవాటు లేదు" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు నయంగా ఉండేది.

నాకున్న ఇంగ్లీషంతా పోగుచేశాను. "పీపుల్ గుడ్. మెషీన్ సిక్. బాక్స్ ఓపెన్" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. మెషీన్ బాగానే ఉంది, అందరూ మాట్లాడుతున్నారుగా అన్నాడు. అదీ నిజమే. మాత్రలు తీసుకుని ఇంటికొచ్చేశాను.

ఆ సాయంత్రం అల్లుడు ఆఫీసు నుంచి రాగానే సంగతి చెప్పి కూర్చోబెట్టాను. పాపం, టీ కూడా తాగకుండా లేచాడు. కారు తీసి ఊరంతా తిరుగుతూ కారు రేడియోలో మాట్లాడి చూశాడు. ఎక్కణ్ణుంచి మాట్లాడినా గంట కొట్టినట్టు వినబడింది. డబ్బాలు చూశాడు, తీగలు ఊడదీసి మళ్ళీ బిగించాడు.

"అంతా బానే ఉందండీ. ఆయన బ్యాటరీ పోయిందేమో" అన్నాడు.

"మీ కారుది గట్టి గొంతు బాబూ. ఆయనది సన్న గొంతు. సన్న గొంతుతో పిలిచి చూశారా?"

అప్పుడు ఆలోచనలో పడ్డాడు. కాసేపటికి తనే చెప్పాడు. పెట్టె నోరు తెరిచిన క్షణాన ఎక్కడో ఏదో చప్పుడు పుట్టి, దాని చెవికి దిబ్బడ వేస్తోంది. గట్టిగా మాట్లాడేవాళ్ళకి ఆ తేడా తెలియదు. దూరం నుంచి సన్నగా వచ్చే మాట ఒక్కటే ఆ చప్పుడులో మునిగిపోతుంది. ఇంతమందిలో అలాంటివాడు పెద్దాయన ఒక్కడే. మరి ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి పుడుతోందంటే మాత్రం తెలియదన్నాడు.

నాకు ఒకటి తట్టింది. ఆయన మాట ఆఖరుసారి బాగా వినబడింది వాన పడిన సాయంత్రం. తడి బట్టలు ఇల్లు వేడిచేసే రేడియేటర్ల మీద పరిచి విసుక్కుంటున్నాను, అందుకే గుర్తుంది. బయట ఆరేసిన రోజుల్లో ఆయన లేడు. ఆ మాట పైకి అన్నాను. వెంటనే అల్లుడు కిటికీలోంచి నా బట్టల స్టాండు వంక చూశాడు. గొడుగులా విచ్చుకునే పాత ఇనప స్టాండు అది. ఎవరో పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. సరిగ్గా యాంటెన్నా కిందే పాతాం.

"అత్తయ్యగారూ, మీరేమీ అనుకోకపోతే..."

"అనుకుంటాను."

"అమ్మా, డ్రైయర్ ఉందిగా" అంది మా అమ్మాయి.

"ఈ దేశంలో ఎండ కాసేదే ఎప్పుడో. ఊరికే వచ్చే ఎండను వదిలేసి, బట్టలకి కరెంటు పొయ్యమంటావా?"

అన్నాను గానీ, మర్నాడు పొద్దున నేనే దాన్ని పీకించి పక్కింటివాళ్ళ గరాజ్‌లో పెట్టించాను. అట్టపెట్టెకు ఆయన కట్టిన దారం కళ్ళముందే ఉంది మరి.

మంచి ఎండ కాసిన రోజు చూసి మళ్ళీ ఆయన ఫ్లాటుకి వెళ్ళాను. నా మొహం చూసి, కాదనలేక దారం విప్పాడు. ఫోన్లో అల్లుడు. ఇక్కడ పెద్దాయన బొత్తాం నొక్కి పిలిచాడు. "వినబడిందా?" అని ఫోన్లో అడిగాను. లేదన్నాడు. పెద్దాయన ఇంకోసారి పిలిచాడు. లేదు. మూడోసారి పిలవమంటే ఆయన పిలవలేదు. రేడియోను మెల్లగా అట్టపెట్టెలో పెట్టి, "చూశావా" అన్నట్టు నా వంక చూశాడు. నా స్టాండుకి ఏ పాపమూ తెలియదని రుజువైంది, కానీ అందుకు సంతోషించే సమయం కాదది.

ఆయన దారం చేతిలోకి తీసుకుంటుంటే, ఇక పోయేదేముందని, "రెయిన్, యూ టాక్. సన్, నో టాక్" అన్నాను.

దారం పట్టుకున్న చెయ్యి ఆగింది. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. వాన పడ్డ ప్రతిసారీనా అని అడిగాడు. తల ఊపాను. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "రస్ట్" అన్నాడు. చెయ్యి చాపి నా ఫోన్ తీసుకున్నాడు. మా అల్లుడితో ఎంతసేపు మాట్లాడాడంటే, నా ఫోన్లో వేయించుకున్న డబ్బంతా అయిపోతుందేమోనని రెండుసార్లు చెయ్యి చాపాను. ఇవ్వలేదు. అన్ని మాటలు ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు.

అల్లుడు తర్వాత నాకు చెప్పింది ఇది. తుప్పు పట్టిన రెండు ఇనప ముక్కలు వదులుగా ఒకదాన్నొకటి తాకుతూ యాంటెన్నా దగ్గర్లో ఉంటే, పెట్టె అరిచినప్పుడల్లా ఆ తుప్పు దగ్గర గరగర పుడుతుంది. వాన పడితే ఆ సందు తడిసి నోరు మూసుకుంటుంది. ఎండితే మళ్ళీ మొదలు. కాబట్టి బాగా ఎండ కాసే రోజున గొట్టంతో నీళ్ళు కొడుతూ, ఇంటి చుట్టూ ఉన్న ఇనుమునంతా ఒక్కొక్కటిగా తడపాలి. ఏది తడిసినప్పుడు పెద్దాయన గొంతు వినబడుతుందో, దొంగ అదే. అంతసేపూ ఆయన మాట్లాడుతూనే ఉండాలి. ఎవరూ వినడం లేదని తెలిసీ మాట్లాడాలి. నాకు అది న్యాయంగా అనిపించలేదు. ఆయనే ఒప్పుకున్నాడు.

శనివారం ఎండ కాసింది. అల్లుడు తోటలో గొట్టం పట్టుకున్నాడు. అమ్మాయి వంటింట్లో స్పీకర్ దగ్గర. నేను పెద్దాయన పక్కన, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని. ఆయన బొత్తాం నొక్కాడు, కానీ మాటలు రాలేదు. ఏం చెప్పనన్నట్టు చూశాడు.

"టమాటా" అన్నాను.

మొదలుపెట్టాడు.

"గేటు తడిపారమ్మా. లేదు" అంది అమ్మాయి. తర్వాత, "యాంటెన్నా పైపు కట్లు. లేదు." కాసేపాగి, "షెడ్డు రేకులు. లేదమ్మా. పక్కింటాయన వచ్చి చూస్తున్నాడు, ఇంటిక్కూడా నీళ్ళు పోస్తారా మీ దేశంలో అంటున్నాడు."

"ఇంకో అంతస్తు మొలుస్తుందని చెప్పు" అన్నాను.

ఇక్కడ పెద్దాయన బొత్తాం నొక్కి నొక్కి అలసిపోయాడు. రెండుసార్లు ఆపాడు. నేను వేలితో రేడియో చూపిస్తే మళ్ళీ నొక్కాడు. మూడోసారి ఆపినప్పుడు మాత్రం అలసి కాదు. పొగగొట్టం మీద పాత టీవీ యాంటెన్నా ఏమైనా ఉందేమో చూడమన్నాడు. అమ్మాయికి చెప్పాను. ఉందట. మేము రాకముందు ఉన్నవాళ్ళు డిష్ పెట్టుకుని, పాతదాన్ని అలాగే వదిలేశారట. నీళ్ళు అంత ఎత్తుకి మొదట అందలేదు. అల్లుడు తోట చివరికి వెళ్ళి, గొట్టం మూతికి వేలు అడ్డం పెట్టి కొట్టాడు.

ఫోన్లో అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. తెగిపోయిందేమో అనుకున్నాను.

"అమ్మా, ఆయన టమాటా మొక్క మొదట్లో గుడ్డుపెంకులు వెయ్యాలంటున్నారా?"

నేను పెద్దాయన వంక తిరిగాను. ఆయన గుడ్డుపెంకుల గురించే చెబుతున్నాడు. "హియర్! దే హియర్" అన్నాను. ఆయన విన్నాడు, కానీ బొత్తాం మీద వేలు తియ్యలేదు. గుడ్డుపెంకుల సంగతి పూర్తిగా చెప్పి, అప్పుడు వదిలాడు. తర్వాత లేచి వెళ్ళి కెటిల్ పెట్టాడు. వెనక్కి తిరిగి చూడకుండా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

మర్నాడు ఒక మనిషి వచ్చి పొగగొట్టం మీది ఇనుమంతా దించాడు. బోల్టులు చెయ్యి తగలగానే రాలిపోయాయి. మంచి ఇనుము, దేనికైనా పనికొస్తుందని షెడ్డులో పెట్టించబోయాను. అది ఇంటి ఆవరణలోనే ఉండకూడదని పెద్దాయన ఫోన్ చేసి మరీ చెప్పాడు. పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. నా బట్టల స్టాండు దాని చోటికి అది వచ్చింది.

ఆ వారమే ఒక సాయంత్రం ఏడింటికి, తోటలో ఇంకా ఎండ ఉండగానే, రేడియోలో అందరూ కూడారు. వంతులు పూర్తయ్యాక ఒకతను ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. పెద్దాయన గొంతు వచ్చింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావయ్యా? మామీద అలిగావనుకున్నాం" అన్నాడతను. అందరూ అలాగే అనుకున్నారట.

పెద్దాయన జవాబు మొదలుపెట్టాడు. ఎండ సంగతి, వాన సంగతి, తుప్పు సంగతి. ఎక్కడా ఆగలేదు. ఉన్నట్టుండి స్పీకర్ మూగబోయింది. మళ్ళీ తుప్పేనా అని అల్లుడి వంక తిరిగాను. అల్లుడు మాత్రం పగలబడి నవ్వుతున్నాడు. ఒక్కరే ఆపకుండా మరీ ఎక్కువసేపు మాట్లాడితే పెట్టె తనంతట తానే నోరు మూసుకుంటుందట. ఎవరి బొత్తామైనా ఇరుక్కుపోతే ఊరందరి దారీ మూసుకుపోకుండా పెట్టిన ఏర్పాటు. పెట్టింది ఆ పెద్దాయనేనట.

కాసేపటికి మళ్ళీ ఆయనే, "ఎక్కడిదాకా విన్నారు?" అని అడిగాడు.

"తుప్పు దాకా."

"అయితే అసలు సంగతి విననేలేదు" అని మొదటి నుంచీ ఎత్తుకున్నాడు. పప్పు అడుగంటుతున్న వాసన వచ్చింది. అమ్మాయి వెళ్ళి స్టవ్ ఆపింది. నేను లేవలేదు.