జీపులో చోటు లేని ఆదివారాలు

వేలూరులో నేను పనిచేసింది ఒక చెప్పుల షెడ్డులో. కుష్ఠు నయమైపోయినా కాళ్ళకు స్పర్శ తిరిగిరానివాళ్ళు మా దగ్గరికి వచ్చేవాళ్ళు. ముల్లు దిగినా వాళ్ళకు తెలీదు. వాళ్ళ పాదాల కొలతకు మెత్తటి రబ్బరు కోసి, ఒక్క మేకు కూడా లేకుండా చెప్పులు కుట్టివ్వడం మా పని. షెడ్డులో ఆడదాన్ని నేనొక్కదాన్నే.

ఇల్లు గుడియాత్తంలో. నాయన కట్టడం మేస్త్రీ, అమ్మ ఆయన కిందే సిమెంటు మోసేది. అప్పుడు ఆంబూరు, రాణిపేట చుట్టూ బూట్ల కంపెనీలు రోజుకొకటి తెరుస్తున్నట్టు ఉండేది. అంతా ఫారిన్‌కు పోయే సరుకు. చేతిపని తెలిసినవాళ్ళను వ్యాన్లు పంపించి మరీ తీసుకుపోతా ఉన్నారు.

సరిగ్గా అప్పుడే మా షెడ్డుకు కబురొచ్చింది. టాంజానియాలో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఆస్పత్రి ఉందట. అక్కడివాళ్ళకు ఈ చెప్పుల పని నేర్పించేదానికి ఒక మనిషి కావాలంట. టికెట్టు, తిండి వాళ్ళవి. జీతం లేదు. మగవాళ్ళు ఎవరి రబ్బరు వాళ్ళు కోసుకుంటా ఉండిపోయినారు. నేను పోతానన్నాను.

ఇంట్లో మా మేనమామ ఎగిరిపడినాడు. "కంపెనీవోళ్ళు రా రా అని పిలస్తా ఉంటే, సుమ్మనే, జీతం లేకుండా చేసేదానికి ఏరోప్లేన్ ఎక్కి పోతావా? దొరసానులు మన ఊరికొచ్చి సేవ చేస్తారు. మనం పోయి ఇంకొకరికి చేసేదేందమ్మా? మనమేమన్నా దొరలమా?"

"దొరలే చెయ్యాలని యాడన్నా రాసుండాదా మామా?"

అమ్మ నన్ను నోరు మూసుకోమని సైగ చేసింది. నాయన మాత్రం వేళ్ళకంటిన సిమెంటు గీరుకుంటా, "దాని చెయ్యి, దాని పని. పోనీ," అన్నాడు.

అక్కడ ఆస్పత్రికి పెద్ద ఒక తెల్ల డాక్టరమ్మ. మొదటి రోజే నన్ను చూసి, "ఏ పేషెంటుకు తోడొచ్చినావు?" అని అడిగింది. పని నేర్పించడానికి వచ్చినానంటే, ఎదురుగా ఉన్న నన్ను వదిలిపెట్టి, గుమాస్తాను పిలిచి మళ్ళీ అడిగింది.

వారమంతా పనే. ఆదివారం మాత్రం యూరప్ నుంచి వచ్చిన వాలంటీర్లు తువ్వాళ్ళు భుజాన వేసుకుని జీపులో బీచికి పోయేవాళ్ళు. నేనూ చీర కొంగు దోపుకుని జీపు దగ్గరికి పోయినాను.

"చోటు లేదు," అంది డాక్టరమ్మ. "అయినా మీ దేశం ఆడవాళ్ళు నీళ్ళల్లోకి దిగరు కదా. ఒక్కదానివే గేటు దాటొద్దు."

వెనక సీటు ఖాళీగానే ఉంది. జీపు లేపిన దుమ్ము నా చీర మీద పడింది.

మళ్ళీ ఆదివారం నేను గేటు దాటినాను. కొబ్బరితోటల్లో పడి నడస్తా ఉంటే వెనక నుంచి "దాదా! దాదా!" అని కేక. అక్కడి భాషలో దాదా అంటే అక్క. తిరిగి చూస్తే, నేను అక్కడ మొదటి జత చెప్పులు కుట్టిచ్చిన ఆమె. బెస్తపల్లెలో ఆమె ఇల్లు. నా చెయ్యి పట్టుకుని సముద్రానికి తీసుకుపోయింది.

నేను నీళ్ళు లేని పాలారు ఏటి ఇసుక చూసి పెరిగినదాన్ని. ఆ పూట సముద్రం చాలా దూరం వెనక్కి పోయింది. తేలిన పగడపు రాళ్ళ మీద ఆడవాళ్ళు కర్రలు పట్టుకుని తిరగతా ఉన్నారు. ఆమె ఒక బొక్కలో కర్ర పెట్టి కదిలించి, ఆక్టోపస్‌ను బయటికి లాగింది. అది ఆమె మోచేతి దాకా చుట్టుకుంది. నేను పెట్టిన కేకకు పల్లె ఆడవాళ్ళంతా పగలబడి నవ్వినారు. తర్వాత చీరతోనే మెడ లోతు నీళ్ళల్లోకి దిగినాను. మధ్యాహ్నం కొబ్బరిపాలలో ఉడికించిన ఆక్టోపస్ రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాను.

సోమవారం డాక్టరమ్మ పిలిచింది. "ఎవరు పొమ్మన్నారు?"

"ఎవరూ పొమ్మనలేదు. ఆదివారం నాకు పని లేదు, పోయినాను."

"నీకేమన్నా అయితే మాది బాధ్యత. ఇట్లే చేస్తే వెనక్కి పంపించేస్తాను."

అయినా చెప్పినాను. "జీపులో పోయేవాళ్ళకు ఏమన్నా అయితే ఎవరిది బాధ్యత? వాళ్ళను ఆపండి, నేనూ ఆగుతాను. లేదంటే పంపించేయండి. పంపించేదాకా పోతానే ఉంటాను."

ఆమె పంపించలేదు. ఆస్పత్రిలో నా దగ్గర నేర్చుకునేవాళ్ళకు అప్పటికి సగం పనే వచ్చింది. అది ఆమెకూ తెలుసు. జీపులో రమ్మని కూడా ఎప్పుడూ పిలవలేదు. పిలిచినా పోయేదాన్ని కాదు. ఆదివారం ఆదివారం ఆ ఒడ్డు వెంబడే నడిచి, ఒక్కో వారం ఒక్కో పల్లె చూసినాను. ఈత వచ్చింది.

తిరిగొచ్చినాక అణైకట్ వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి తల్లి మా అమ్మను అడిగింది, "ఇంక యాడికీ పోదు గదా?"

అమ్మ నోరు తెరిచేలోపల నేనే చెప్పినాను. "పిలిస్తే పోతాను అత్తా."

వాళ్ళు కాఫీ ముట్టకుండా లేచినారు. అమ్మ వంటింట్లో ఏడుస్తా కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చుని, చల్లారిపోతున్న ఆ కాఫీ తాగినాను.

ఆ తర్వాత ఇంకో రెండు దేశాలకు పోయినాను. సముద్రం ఉండాదా అని ముందే అడిగి మరీ పోయినాను.