ఫెబీ వేసిన నల్లమట్టి

అరోరాలోని తెలుగు చర్చి పిల్లలకి ఫెబీ అంటే బొమ్మల ఆంటీ. అమెరికా వచ్చిన కొత్తలో ఆమెకా పేరు లేదు. గుంటూరులో స్కూల్ టీచర్‌గా రోజంతా పిల్లల మధ్య గడిపిన మనిషి. డిపెండెంట్ వీసా మీద రావడంతో ఇక్కడ ఉద్యోగం చేయడానికి వీల్లేకపోయింది. భర్త ఆనందబాబు ఆఫీస్‌కి వెళ్లాక మాట్లాడే దిక్కు లేక, ఆ చలికాలమంతా లైబ్రరీకి వెళ్లి కూర్చునేది.

అక్కడే ఒక పెద్ద బొమ్మల పుస్తకం చేతికొచ్చింది. పాతకాలపు ఫ్రెంచ్ చిత్రకారుడిది. పారిస్‌లో పేరొస్తున్న సమయంలో ఆయన సొంత పల్లెకి తిరిగొచ్చేసి, చివరిదాకా అక్కడి గడ్డివాములూ, బట్టలుతికే ఆడవాళ్లూ, ద్రాక్ష కోసే కూలీలే వేశాడట. దగ్గర్నుంచి చూస్తే అన్నీ రంగు చుక్కలు. కాస్త దూరం జరిపితే ఎండ కాస్తున్నట్టే ఉంది. నడుం వంచి కోస్తున్న ఒకామె బొమ్మ దగ్గర ఫెబీ ఆగిపోయింది. చిన్నప్పుడు పెదనందిపాడు దగ్గర మిరపకోతలకి వెళితే తన నడుమూ అలాగే పీకేది.

"ఏమండీ, నాకు రంగులు కొనిపెడతారా?" అని ఆ సాయంత్రం అడిగింది.

"దానికి అడగాలా! ఎక్కడ దొరుకుతాయో చూడు, వెళ్లి తెచ్చుకుందాం" అన్నాడు ఆనందబాబు.

మంచు కరిగాక, శనివారాలు ఆమెని కార్‌లో ఊరి బయట పొలాల దగ్గరికి తీసుకెళ్లేవాడు. ఆమె బొమ్మ వేస్తుంటే ఆయన కార్‌లో కునుకు తీసేవాడు.

ఒకరోజు పొలం దున్నుతున్న ముసలి రైతు ట్రాక్టర్ ఆపి దిగి వచ్చాడు. అడక్కుండా వచ్చామని కోప్పడతాడేమోనని ఫెబీ గబగబా సామాను సర్దబోయింది.

"ఉండమ్మా, చూడనీ" అన్నాడాయన. పేరు హార్లన్. బొమ్మని తేరిపార చూసి, "బాగుంది. కానీ ఎవరి పొలం ఇది?" అన్నాడు.

"మీదేనండీ."

"నా మట్టి ఇంత ఎర్రగా ఉండదే!" అని వంగి ఒక మట్టిపెళ్ల తీసి ఆమె చేతిలో పెట్టాడు. నల్లగా, తడితడిగా ఉంది.

ఫెబీకి సిగ్గేసింది. కళ్లెదుట ఉన్న నేలని వదిలేసి పుస్తకంలో రంగులు దించుతోంది తను.

"మా ఊళ్లోనూ ఇలాగే నల్లగా ఉంటుంది. నల్లరేగడి అంటాం. మిరప, పత్తి పండుతాయి" అంది.

హార్లన్ ఆ మాట పలకబోయి, నోరు తిరక్క నవ్వేశాడు. "అయితే నీకు తెలిసిన మట్టే. మళ్లీ వెయ్యి. ఎప్పుడైనా రావచ్చు."

అప్పట్నుంచి ఆమె ఆ పొలాన్నే వేసింది. విత్తనాలూ, పూతా, హార్లన్ భార్య లోయిస్ టమాటాలు ఏరడమూ, అన్నీ.

కొన్నేళ్లకి, సరిగ్గా కోతల ముందు హార్లన్‌కి గుండె ఆపరేషన్ జరిగింది. చుట్టుపక్కల రైతులు తమ మిషన్లతో వచ్చి ఆయన మొక్కజొన్నంతా కోసిపెట్టారు. ఫెబీ పొద్దుటినుంచీ గట్టు మీద నిలబడి వాళ్లని వేసింది. వరసగా మిషన్లు, వాటి వెనక బంగారు దుమ్ము, ట్రక్కు దగ్గర అందరికీ శాండ్‌విచ్‌లు పంచుతున్న లోయిస్. మర్నాడు ఆ బొమ్మని హాస్పిటల్‌కి పట్టుకెళ్లింది.

హార్లన్ ఒక్కో మిషన్‌నీ వేలితో తాకుతూ ఎవరిదో చెప్పాడు. అన్నీ చెప్పాక మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. "ఇంతమంది వచ్చారా! లోయిస్ చెబితే ఏదో ధైర్యానికి అంటోందనుకున్నాను."

నవంబర్‌లో చర్చిలో కోత పండుగ. కోలుకున్న హార్లన్, లోయిస్ ఒక బుట్టెడు కంకులూ గుమ్మడికాయలూ కానుకగా తెచ్చారు. దేవుడు చేసిన మేలు గురించి పాస్టర్ సాక్ష్యం చెప్పమంటే ఫెబీ లేచి నిలబడింది.

"ఇక్కడ నాకెవరూ లేరని ఏడ్చాను. దేవుడు నాకు పని ఇచ్చాడు, మనుషుల్ని ఇచ్చాడు. రంగులు కొనిచ్చిన మా ఆయనకీ, పొలంలోకి రానిచ్చిన వీళ్లకీ వందనాలు" అని కళ్లు తుడుచుకుంది.

తర్వాత అందరూ కింద హాల్లో భోజనాలకి కూర్చున్నారు. డాక్టర్ ఉప్పూకారాలు వద్దన్నాడని లోయిస్ మొత్తుకుంటున్నా వినకుండా, హార్లన్ గోంగూర పచ్చడి ఇంకోసారి వేయించుకున్నాడు.