జపాను లెక్క, గూడూరు కుర్చీ

పందొమ్మిది వందల అరవైల్లో ఒక మధ్యాహ్నం గూడూరు బస్టాండు కిటకిటలాడుతోంది. గొడుగు చంకన పెట్టుకున్న ఒక పెద్దాయన తన పక్కనున్న చెక్క కుర్చీ చూపించి, "కూర్చోండి సార్" అన్నాడు. కూర్చున్నాను. చేతిలో పేపరుంటే నా నోరు ఊరుకోదు.

"చూసినారా, జపాను సర్కారు చదువులకు పెట్టేదాంట్లో మనోళ్లు పిసరంత కూడా పెట్టడంలా" అంటూ కుర్చీ వెనక్కి వాల్చి ఊగాను.

ఆయన గబుక్కున కుర్చీ పట్టుకున్నాడు.

"మన సర్కారు మా బడికి పెట్టిన ఖర్చు మీ కిందనే ఉండాది సార్. దొరవారిసత్రం పక్క పల్లెలో అయివారిని నేను. దీని కాలు ఇప్పుడే వడ్రంగి దగ్గర అతికించుకోనొస్తా ఉండా. సర్కారును ఎంతైనా తిట్టండి గానీ, ఊగబాకండి."

ఇప్పటికీ పేపర్లో అలాంటి లెక్క కనబడితే, ముందు కుర్చీ నాలుగు కాళ్లూ నేలకు ఆనించి, ఆ తర్వాతే తిడతాను.